ఇటలీ మాటలు, నిమ్‌పురా గొంతు

ఇటలీ భాషలో నేను నేర్చుకున్న మొదటి మాట 'గ్వాస్తో'. చెడిపోయింది అని అర్థం. పరాయి భాషలోకి అందరూ నమస్కారం గుమ్మంలోంచి వెళ్తారు, నేను రిపేరు షెడ్డులోంచి వెళ్లాను. తప్పు నాది కాదు. మా కంపెనీకి ఇటలీ నుంచి ఒక మెషీన్ వచ్చింది. పెట్టెలు విప్పి, బిగించి, కరెంటు ఇచ్చిన మొదటిరోజు అది తెరమీద ఎర్రక్షరాలతో ఆ ఒక్క మాట చూపించి ఊరుకుంది.

కంపెనీ ఉన్నది కలకత్తాకి రెండు గంటల రైలు దూరంలో, మా రైల్వే ఊరి పక్కనున్న విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో. ఆవనూనె సీసాల్లో నింపి అమ్ముతారు, కొత్త మెషీన్ ఆ నింపడానికే. నేను కాంట్రాక్టరు కింద అట్టపెట్టెలు మడిచి, టేపు అంటించి, సీసాలు పేర్చేవాణ్ణి. ఆవనూనె ఘాటుకి కొత్తవాళ్లు ఏడుస్తారు, పాతవాళ్లు అలవాటుపడతారు. కాంట్రాక్టరు పనికి మాత్రం ఎవరూ అలవాటుపడరు. ఈ వారం గేటు దగ్గర పేరు పిలిచారంటే వచ్చే వారం కూడా పిలుస్తారని ఎవరూ మాటివ్వరు.

మా తాత రైల్వే వర్క్‌షాపులో ఖలాసీ. మా నాన్న గూడ్సు బండి డ్రైవరు. ఆ వరసలో నేనూ రైల్వేలోనే ఉండాలి. కానీ ఎనిమిదో తరగతి సగంలో బడికీ నాకూ మాటలు లేకుండా పోయాయి. పది పాసు కానివాణ్ణి రైల్వే తీసుకోదు. రైల్వే ఇచ్చే ఫ్రీ పాసుల మీద తిరిగిన మా ఇంట్లో టికెట్ కొనుక్కుని రైలెక్కిన మొదటి మగవాణ్ణి నేనే. ఈ మాట నేను నవ్వుతూ చెబుతాను, మా నాన్న మాత్రం నవ్వకుండా వింటాడు.

అందుకే ఇంజనీరు సాబ్ మమ్మల్నందరినీ పిలిచి, కొత్త మెషీన్‌కి ఇద్దరు ఆపరేటర్లు కావాలి, బయటినుంచి తేము, మీలోంచే తీసుకుని పర్మనెంటుగా కంపెనీ రోల్ మీద వేస్తాం అన్నప్పుడు, ఆ ఇద్దరిలో ఒకడు నేనని అక్కడికక్కడే తీర్మానించుకున్నాను. రెండోవాడు ఎవరన్నది కంపెనీ ఇష్టానికి వదిలేశాను.

షరతు ఒకటే. మెషీన్ తెర ఇటలీ భాషలో మాట్లాడుతుంది. ఇంగ్లీషు తరవాత పంపిస్తామని తయారుచేసినవాళ్లు చెప్పారట. ఆ 'తరవాత' ఎప్పుడన్నది వాళ్లూ చెప్పలేదు, వీళ్లూ అడగలేదు. మెషీన్ బిగించడానికి ఒక ఇటలీ మేస్త్రి వచ్చాడు. ఆయన తిరిగి వెళ్లేలోగా ఆ తెరని చదివి, అర్థం చేసుకుని, మెషీన్ నడపగలిగినవాడికే ఉద్యోగం.

మేస్త్రి పెద్దాయన. మోచేతుల దాకా గ్రీజు, మెడలో తాడుకి వేలాడే కళ్లజోడు. ఇంగ్లీషు ఆయనకి నాకొచ్చినంతే వచ్చు. అంటే ఇద్దరం కలిసి 'టీ' అనగలం. క్రియలూ గిరియలూ నేర్పే తీరిక ఆయనకి లేదు, మెషీన్‌కి వాటితో పనీ లేదు. అది ఏం చేస్తుందో చెప్పదు, ఎలా ఉందో చెబుతుంది. తెరిచి ఉన్నాను, మూసి ఉన్నాను, నిండి ఉన్నాను, ఖాళీగా ఉన్నాను, వేడిగా ఉన్నాను, ఆగి ఉన్నాను. ఒంట్లో బాగోని మనిషి డాక్టరుతో మాట్లాడే భాష. ఇలా ఒక వస్తువు ఎలా ఉందో చెప్పే మాటని విశేషణం అంటారని ఎనిమిదో తరగతిలో తెలుగు పంతులుగారు నా చెవి మెలిపెట్టి చెప్పారు. పాఠాలన్నీ పోయినా అది మాత్రం చెవిలోనే ఉండిపోయింది.

మేస్త్రి పాఠం చెప్పే పద్ధతి స్పానరుతో. మెషీన్ చుట్టూ ఉన్న ఇనప కమ్మీ మీద, మాటలోని ఒక్కో ముక్కకి ఒక్కో దెబ్బ కొట్టేవాడు. అ, పెర్, తో. మూడు దెబ్బలు. తెరిచి ఉంది. క్యూ, జో. రెండే. మూసి ఉంది. మూసి ఉన్న తలుపుకి ఒక దెబ్బ తక్కువని నాకు అలా గుర్తు. మాటలో ఎక్కడ ఊనాలో అక్కడ దెబ్బ గట్టిగా పడేది. 'పెర్' మీద కమ్మీ మోగిపోయేది. ఊనిక తప్పితే ఆయన తల అడ్డంగా ఊపి "జ్బల్యాతో" అనేవాడు, తప్పు అని. కుదిరితే "జూస్తో". ఆ రెండు మాటలూ నేను అడక్కుండానే వచ్చేశాయి, ముఖ్యంగా మొదటిది.

చిరిగిన అట్టపెట్టెల మీద నేను ఆ మాటల్ని తెలుగులో రాసుకునేవాణ్ణి. 'గ్వాస్తో' దగ్గర ఇద్దరికీ ఒకటే లెక్క. ఆయన 'గ్వా' అని కొట్టి 'స్తో' అని కొట్టాడు, నేనూ అలాగే రాశాను. స్ వెనక హల్లు ఉంటే ఆ రెండూ విడిపోవట. 'ఫ్రెద్దో' దగ్గర తేడా వచ్చింది. చల్లగా ఉంది అని. నేను 'ఫ్రె' ఒక ముక్క, 'ద్దో' ఒక ముక్క చేశాను. ఆయన ఒక ద్ ని ముందుకీ ఒక ద ని వెనక్కీ పంచి 'ఫ్రెద్', 'దో' అని కొట్టాడు. అన్నదమ్ముల వాటాల్లాగా సమానంగా. నోటితో అన్నప్పుడు మాత్రం ఆయనదీ నాదీ ఒకటే. ఆ ఒత్తు దగ్గరే, ఉద్యోగానికి పేరిచ్చిన మిగతావాళ్లు కొందరు జారిపోయేవారు, నాకు మాత్రం అది 'ముద్ద' అన్నంత తేలిక. తెలుగులాగే అచ్చుతో ముగిసే మాటలు కదా, నీకు నీళ్లు తాగినంత సులువు అని ఇంజనీరు సాబ్ అన్నాడు. ఆయన మేస్త్రి దగ్గర నిలబడి 'పెరికొలోజో' అని ఎప్పుడూ అనలేదు.

పెరికొలోజో అంటే ప్రమాదకరం. 'పెరికొలో' అంటే ప్రమాదం, దానికి 'ఓజో' తగిలిస్తే ప్రమాదంతో నిండినది. 'రుమోరే' చప్పుడు, 'రుమొరోజో' చప్పుడు చేసేది. 'ఓలియో' నూనె, 'ఒలెఓజో' జిడ్డుది. ఇది తెలిసిన రోజు నాకు ఒక కార్ఖానా దొరికినంత సంతోషం కలిగింది. దేనికైనా ఓజో తగిలించెయ్యవచ్చు. ఇంటికెళ్లి మా ఆవిడ చేసిన చేపలపులుసు నోట్లో పెట్టుకుని "కారోజో" అన్నాను.

"ఏటది, తిట్టా?" అంది.

"ఇటలీ భాషలో కారం ఎక్కువైందని."

"ఇటలీవోళ్లకి మన కారం గురించి ఏటి తెలుసు? నోరు మూసుకుని తిను మావా."

మా ఆవిడది శ్రీకాకుళం పక్క పల్లె. మేనరికం, అందుకే మావా అంటుంది, అందుకే అదుపులోనూ పెడుతుంది. 'మావా' అన్నంత మెత్తగా మిగతావేవీ అనదు.

మేము నిమ్‌పురాలో రైల్వే యార్డు వెనక అద్దెకుంటాం. మా నాన్న రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేశాం గానీ రైల్వే మా ఇల్లు ఖాళీ చెయ్యలేదు. బండిలో డ్రైవరూ అసిస్టెంటూ ప్రతి సిగ్నల్‌నీ ఒకరికొకరు పైకి చెప్పుకోవాలి. చెయ్యి చాపి చూపిస్తూ "డిస్టెంట్ గ్రీన్" అని ఒకరంటే, రెండోవారూ "డిస్టెంట్ గ్రీన్" అనాలి. మా నాన్న ఆ పద్ధతి వంటింటిదాకా తెచ్చేశాడు. చిన్నప్పటినుంచీ మా ఇంట్లో ఏ మాటకైనా తిరుగుమాట ఉండాల్సిందే. "గ్యాస్ బంద్" అని మా అమ్మ అంటే, నేను పొయ్యి వైపు వేలు చూపించి "గ్యాస్ బంద్" అనాలి. ఊ అంటే కుదరదు. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ, ఈ ఇంట్లో అందరికీ చెవుడేమో అనుకుందట. ఇప్పుడు మాలో అందరికన్నా గట్టిగా అరిచేది ఆవిడే.

కనక ఇటలీ పాఠం ఇంట్లో తేలిగ్గా సాగింది. మా ఆవిడ బియ్యం డబ్బా మూత తీసి చూపిస్తుంది, నేను "వ్వోతో" అంటాను, ఖాళీ అని. ఆవిడ "వ్వోతో" అని తిరిగి చెప్పి, బియ్యం తెమ్మని సంచీ చేతికిస్తుంది. నీళ్ల బిందె "ప్యేనో", నిండుగా ఉంది. లైటు వెలుగుతోంటే "అచ్చేజో". అక్కడే చిక్కొచ్చి పడింది. మా ఇంట్లో చ అన్న అక్షరం పండగలకి మాత్రమే వస్తుంది, మిగతా రోజుల్లో స తోనే సరిపెట్టుకుంటాం. చెయ్యి సెయ్యే, చేప సేపే.

"అస్సేసో" అంది మా ఆవిడ, దీపం వైపు వేలు చూపించి.

"అచ్చేజో."

"అదే కదేటి నాను సెప్పింది."

"నువ్వు సెప్పింది స."

"నువ్వేటి ఇప్పుడు సెప్పింది?"

నేను చెప్పిందీ స నే. ఆ సాయంత్రం ఇద్దరం చకారం పట్టుకుని కుస్తీ పట్టాం. వెలోచే, వెలోచే, వెలోచే. వేగంగా అని అర్థం. అంత నెమ్మదిగా ఆ మాటని ఇటలీలో ఎవరూ పలికి ఉండరు. మా నాన్న అరుగు మీద కూర్చుని, "ఆ 'సే'తోనో ఈ 'సే'తోనో, బండి టైముకి ఎల్తే సాలు" అన్నాడు.

రోజురోజుకీ మాటలు పెరిగాయి. అవి ఆడా మగా చూసుకుని తోక మార్చుకుంటాయని తెలిసింది. తలుపు మగవాడు కాబట్టి 'స్పొర్తెల్లో అపెర్తో', వాల్వు ఆడది కాబట్టి 'వాల్వొలా అపెర్తా'. 'ఊతిలె' పనికొచ్చేది, ముందు 'ఇన్' తగిలిస్తే పనికిరానిది. కానీ స్పానరు దెబ్బల్లో ఆ 'ఇన్' నిలబడదు, దాని న్ పక్క ముక్కలోకి జారిపోయి ఇ, నూ, తి, లె అవుతుంది. 'కొపెర్తో' మూత ఉన్నది, 'స్కొపెర్తో' మూత లేనిది. ఒక్క స్ తో అర్థం తలకిందులైంది, దెబ్బలు మాత్రం మూడే. భోజనం గంటలో మిగతావాళ్లు కునుకు తీస్తుంటే నేను కమ్మీ పక్కన నిలబడి వేలితో కొట్టుకుంటూ ఉండేవాణ్ణి. బళ్లో ఇంత చదివి ఉంటే, అని మీరు అనుకుంటున్నారు. మా నాన్న పైకే అన్నాడు.

ఇక్కడ నా రెండో చదువు సంగతి చెప్పాలి. నేను గొంతులు తీస్తాను, అంటే మిమిక్రీ. ప్లాట్‌ఫారం మీద అనౌన్స్ చేసే ఆవిడ గొంతు, కస్టమర్‌తో గొడవపడే టోటో, అంటే బ్యాటరీ రిక్షా, డ్రైవర్ గొంతు, మా కాంట్రాక్టర్ తుమ్ము. విశ్వకర్మ పూజ రోజున కంపెనీలో స్టేజీ వేస్తే ఇంజనీరు సాబ్ నడకా మాటా చేసి చూపించాను. ఆయనే ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా నవ్వాడు. దాంతో నేను నోరు తెరిస్తే చాలు నవ్వడానికి జనం సిద్ధంగా ఉండేవాళ్లు. వాళ్లలో మొదటివాడు నా దోస్తు. మా వీధివాడే, నా పక్కనే అట్టపెట్టెలు మడిచేవాడు. వాడూ ఆ ఉద్యోగానికి పేరిచ్చాడు. ఆగి ఉంది అని నేను "ఫెర్మో" అంటే చాలు, పొట్ట పట్టుకునేవాడు.

"ఒరే, సేం టు సేం ఆ ముసలోడేరా" అనేవాడు.

నాకది మెప్పులాగే వినిపించేది. మేస్త్రి మాట పట్టుకోవాలంటే మేస్త్రి గొంతే పట్టుకోవాలి కదా అనుకున్నాను. ఆయన మాటకి ముందు గొంతు సవరించుకునే తీరు, చివర్లో సాగదీసే తీరు, అన్నీ దింపేశాను.

ట్రయల్ రోజు వచ్చింది. కలకత్తా ఆఫీసు నుంచి మేనేజర్లు వచ్చారు. వెనక మా ప్యాకింగ్ వాళ్లంతా నిలబడ్డారు. మెషీన్ ఆ చివర మేస్త్రి, ఈ చివర తెర ముందు నేను. మొదలుపెట్టే ముందు అన్నీ సరిగ్గా ఉన్నాయని ఆయన ఒక్కొక్కటీ పైకి చెబుతాడు. తిరిగి చెప్పమని ఎవరూ అనలేదు, మా ఇంటి నోరు దానంతటదే తెరుచుకుంది.

"స్పొర్తెల్లో క్యూజో" అన్నాడు మేస్త్రి.

నేను వేలు చూపించి "స్పొర్తెల్లో క్యూజో" అన్నాను. ఆయన గొంతుతో. గొంతు సవరింపుతో సహా.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"వాల్వొలా అపెర్తా."

"వాల్వొలా అపెర్తా."

ఈసారి నా దోస్తు గుడ్డ నోట్లో కుక్కుకున్నాడు. మూడోది అనేసరికి ప్యాకింగ్ మొత్తం పగలబడి నవ్వింది. మేస్త్రి అటు చూశాడు, ఇటు చూశాడు, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంజనీరు సాబ్ వచ్చి నా మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్లాడు. ఆయన బెంగాలీ, మేము మాట్లాడుకునేది హిందీ.

"అతిథిని అందరి ముందూ వెక్కిరిస్తావా?"

"వెక్కిరించలేదు సర్. ఆయన చెప్పింది తిరిగి చెప్పాను."

"ఆయన గొంతుతోనా?"

చెప్పబోయాను, అదీ మేస్త్రి గొంతుతోనే వచ్చేట్టుంటే నోరు మూసుకున్నాను. నా జీవితంలో అదొక కొత్త అనుభవం.

"పో, పెట్టెల దగ్గరికి పో. లైన్ దగ్గర కనిపించకు."

నా చోట్లో నా దోస్తుని నిలబెట్టారు. వాడు ఏమీ తిరిగి చెప్పలేదు, తలూపుతూ నిలబడ్డాడు, ట్రయల్ అయిపోయింది. ఆ మధ్యాహ్నం నేను మడిచిన పెట్టెలు అన్నీ వంకరగా వచ్చాయి.

ఇంటికెళ్లి మొత్తం చెప్పాను. మా ఆవిడ ఇంజనీరుని తిట్టింది, నా దోస్తుని తిట్టింది, ఇటలీని తిట్టింది. మా నాన్న తిట్టలేదు.

"ఆయన సెప్పింది తిరిగి సెప్పినావు. బాగుంది. తలుపు మూసున్నాదా లేదా నువ్వు సూసినావా?" అన్నాడు.

"ఆయన మూసుందన్నాడు కదా."

"నువ్వు సూసినావా అని అడిగినాను."

చూడలేదు. వేలు చూపించాను గానీ కళ్లు మేస్త్రి నోటి మీదే ఉన్నాయి.

"అసిస్టెంటు నా మాట ఇని సెప్పకూడదురా. సిగ్నల్ సూసి సెప్పాల. నాను ఎర్రదాన్ని గ్రీన్ అన్నాననుకో, ఆడు కూడా గ్రీన్ అంటే ఇంక ఆడెందుకు బండిలో? కాదు డ్రైవరు గారూ, ఎర్ర అనాల. అందుకే ఇద్దరిని ఎక్కిస్తారు. నువ్వు సేసింది తిరిగి సెప్పడం కాదు, గొంతు దొంగతనం."

"ఇన్నాళ్లూ ఇంట్లో మరి నాకేటి నేర్పినావు?"

"గ్యాస్ బంద్ అన్నప్పుడు పొయ్యి సూడమనే నేర్పినాను. నువ్వు మీ అమ్మ మొహం సూసేవాడివి, తిట్టుద్దేమో అని."

మా ఆవిడ నవ్వు ఆపుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. నేను యార్డు వైపు చూస్తూ కూర్చున్నాను. ఎవరో షంటింగ్ చేస్తున్నారు, వ్యాగన్లు ఒకదానికొకటి తగిలి వరసగా మోగుతున్నాయి. ఉద్యోగం పోయిందని కాదు నా బాధ. అసలింకా రాలేదు కదా, పోవడానికి. అది నాదేనని తీర్మానించుకున్నవాణ్ణి, కంపెనీ ఒప్పుకోనంత మాత్రాన తీర్మానం మార్చుకోవాలా అని ఆలోచించాను. అక్కర్లేదనిపించింది.

మర్నాటి నుంచి సాధన మార్చాను. మాటలన్నీ వచ్చు, ఇక నేర్చుకోవలసింది వాటిని నా గొంతుతో అనడం. నవ్వకండి, పది గొంతులున్నవాడికి తనది వెతుక్కోవడం మహా కష్టం. "ప్యేనో" అంటే మేస్త్రి వస్తాడు. ఆయన్ని తోసేస్తే అనౌన్స్‌మెంట్ ఆవిడ వస్తుంది. ఆవిణ్ణి పంపిస్తే కాంట్రాక్టరు తుమ్ముతూ వస్తాడు. మా ఆవిడ బిందె పక్కన నిలబడి కాపలా కాసేది.

"ఇది ఆ ముసలాయనది. మళ్లీ."

"ప్యేనో."

"ఇది టేసన్‌ది. మళ్లీ."

"ప్యేనో."

"బిందె సూసి సెప్పు మావా, నా మొకం కాదు."

బిందెలోకి చూశాను. అంచుకి రెండు వేళ్ల కిందికి ఉన్నాయి నీళ్లు. "నిండలేదు" అన్నాను, మామూలుగా, విసుగ్గా.

"అదిగో. అదీ నువ్వు" అంది.

ఆ విసుగు గొంతు పట్టుకుని మాటలన్నీ మళ్లీ మొదటినుంచి అన్నాను. ముక్కలు అవే, ఒత్తులు అవే, ఊనిక అక్కడే. మనిషి మాత్రం నిమ్‌పురావాడు.

ఇంజనీరు సాబ్ దగ్గరికి రోజూ పొద్దున్న వెళ్లేవాణ్ణి. ఆయన మోటారుసైకిలు దిగేసరికి స్టాండు పక్కన ఉండేవాణ్ణి. "ఒక్కసారి చూడండి సర్" అంటే, ఆయన హెల్మెట్ తీస్తూనే "కాదు" అనేవాడు. ఒకరోజు హెల్మెట్ తియ్యకుండానే అన్నాడు. మధ్యలో ఒక జోకు వేస్తే పని అయిపోయేదేమోనని నాలుక దురద పెట్టేది. వెయ్యలేదు. జోకువల్ల పోయినదాన్ని జోకుతో అడగకూడదని తోచింది. చివరికి ఆయనే విసిగి, "ఏం కావాలి నీకు?" అన్నాడు.

"నేను వెక్కిరించానో లేదో మీరు చెప్పొద్దు సర్, నేనూ చెప్పను. మేస్త్రి గారినే అడగండి. అవునంటే పెట్టెల దగ్గరే ఉండిపోతాను."

ఆయన హెల్మెట్ బండికి తగిలించి, నన్ను లోపలికి తీసుకెళ్లాడు. మేస్త్రి పంపు పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. ఇంజనీరు సాబ్ ఫోనులో ఇంగ్లీషులో టైపు చేసి, దాన్ని ఇటలీ భాషలోకి మార్చి చూపించాడు. మేస్త్రి కళ్లజోడు పెట్టుకుని చదివి, నాకేసి చూసి, భుజాలెగరేశాడు. తనకి తెలియదట. ఇంజనీరు సాబ్‌కి ఆ జవాబు సరిపోయేట్టుంది, వెనక్కి తిరిగాడు. మేస్త్రి మాత్రం లేచి, గుడ్డతో చేతులు తుడుచుకుని, తెర వైపు నన్ను తోశాడు. తాను మెషీన్ చుట్టూ ఒకసారి నడిచి, వీపు మాకు పెట్టి నిలబడ్డాడు.

"సెర్బతోయో ప్యేనో."

ట్యాంకు గాజులోంచి చూశాను. నూనె గీత పైనే ఉంది. "సెర్బతోయో ప్యేనో" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా, కొంచెం పొడిగా వినిపించింది.

"నాస్త్రో ఫెర్మో." బెల్టు చూశాను, ఆగి ఉంది. చెప్పాను.

"స్పొర్తెల్లో క్యూజో."

మెషీన్‌కి తలుపులు రెండు. దగ్గరిది చూశాను. మూసి ఉంది. వంగి అవతలి తలుపు కూడా చూశాను. అరచెయ్యంత తెరిచి ఉంది. ఆయన ఇందాక అటువైపు నుంచే నడిచి వచ్చాడు. గురువు మూసి ఉందంటున్నాడు, పక్కన ఇంజనీరు నిలబడి ఉన్నాడు, నా ఉద్యోగం ఆ అరచెయ్యంత సందులో ఉంది. ఆయనన్నదే అంటే సరిపోతుందా అని ఒక్క క్షణం తోచింది. స్టార్టు బటన్ మీది నుంచి చెయ్యి తీసేశాను.

"అపెర్తో" అన్నాను.

మేస్త్రి తిరగలేదు. "క్యూజో" అన్నాడు మళ్లీ, ఇంకాస్త గట్టిగా.

"స్పొర్తెల్లో అపెర్తో" అన్నాను మూడో ముక్కదాకా విడదీసి, తలుపు వైపు వేలు చూపించి. గొంతు మారలేదు.

అప్పుడు తిరిగాడు. తలుపు దగ్గరికి వెళ్లి మోచేత్తో తోసి మూశాడు. ఇంజనీరు సాబ్‌తో "జూస్తో" అన్నాడు. దానికి ఫోను అవసరం పడలేదు.

ఇంజనీరు సాబ్ ఆ వారం చివర నన్నూ నా దోస్తునీ తన గదికి పిలిచి, ఇద్దరి పేర్లూ కంపెనీ రోల్‌కి పంపానన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "మొదలుపెట్టే ముందు ఒకడు పైకి చెప్పాలి, రెండోవాడు చూసి తిరిగి చెప్పాలి. ఇద్దరూ. ప్రతిసారీ. లైన్ దగ్గర ఎవడైనా నవ్వితే ఇద్దరినీ పెట్టెలకి పంపిస్తా." ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం నా వైపే ఉంది.

అలా నా దోస్తుకి పాఠం చెప్పే పని నా మీద పడింది. మేస్త్రి తన దేశం వెళ్లిపోయిన మర్నాడు, మా మొదటి షిఫ్టు. కమ్మీకి అటు వాడు, ఇటు నేను. తెరమీద పచ్చదీపం వెలిగింది. నేను చూసి, "పోంపా అచ్చేజా" అన్నాను. పంపు ఆన్‌లో ఉంది.

వాడి పెదాలు వణికాయి. "పోంపా అస్సేసా" అన్నాడు.

"మళ్లీ."

"ఒరే, నన్ను నవ్వొద్దని నువ్వు సెప్తన్నావేట్రా? నువ్వా?"

"దీపం సూసి సెప్పు. నా మొకం సూస్తే నవ్వొస్తాది."

"నీ మొకం సూస్తే సిన్నప్పటినుంచీ నవ్వే."

"అందుకే దీపం సూడమన్నాను. అచ్, చే, జా. మూడు ముక్కలు. రెండోదాని మీద ఊను."

నేను వేలితో కమ్మీ మీద కొట్టి చూపించాను. వాడు ఊపిరి పీల్చుకున్నాడు, దీపం వైపు తిరిగాడు, వేలు చాపాడు. మా వెనక ప్యాకింగ్ వాళ్లు పెట్టెలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు, ఎవరు ముందు నవ్వుతారా అని.

"పోంపా అచ్చేజా" అన్నాడు వాడు, ఒక్కో ముక్కా ఇటుకలా పేర్చి.

ఎవరూ నవ్వలేదు. నేను తలుపులు రెండూ చూసి, అవి ఎలా ఉన్నాయో చెప్పి, వాడు తిరిగి చెప్పేదాకా ఆగి, బటన్ నొక్కాను.